పిల్లకు తల్లి వచ్చింది

మా అంతస్తులో ఎదురు ఫ్లాటు వాళ్ళ తలుపు గ్రిల్లుకు మొన్న ఎవరో వేపకొమ్మ కట్టారు. కాసేపటికల్లా అపార్ట్‌మెంట్ గ్రూపులో చర్చ మొదలైంది. దోమలకా అని ఒకరు, పండగేమైనా ఉందా అని ఇంకొకరు, కారిడార్‌లో ఆకులు రాలితే ఊడ్చేదెవరని మరొకరు. చివరికి ఊడ్చే ఆవిడే చెప్పింది, ఆ ఇంట్లో పాపకు ఒళ్ళంతా పొక్కులు లేచాయని. గ్రూపు చప్పున నోరు మూసుకుంది. సాయంత్రానికి లిఫ్టులో శానిటైజరు సీసా వెలిసింది.

నేను మాత్రం ఆ తలుపు ముందు కాసేపు నిలబడిపోయాను. వేపాకు వాడిపోతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. పచ్చిగా ఉన్నప్పటి చేదు కాదు. కొంచెం తీపి, కొంచెం మందుల షాపు. అది ముక్కుకు తగిలితే చాలు, నాకు ఈ వయసులో కూడా పరీక్ష భయం పట్టుకుంటుంది. అందరికీ పరీక్షలంటే సిరా వాసన గుర్తొస్తుంది. నాది మొదటినుంచీ కాస్త చేదు చదువు.

మేం గోదావరి వైపు నుంచి వచ్చి మాదాపూర్‌లో కిరాయికి దిగిన కొత్తలది. నాన్నకు మియాపూర్ అవతల ఒక ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం. మాదాపూర్ అంటే ఇప్పటిది కాదు. బర్రెలు రోడ్డు దాటేదాకా బస్సు ఆగే ఊరు. ఊరి పక్కన బండరాళ్ళు పేల్చి, గుండ్రంగా ఒక పెద్ద మేడ కడుతున్నారు. మధ్యాహ్నం ఈల వినిపించేది, ఎర్రజెండా ఊగేది, ఆ తర్వాత నేల ఒక్కసారి తుమ్మేది. వంటింట్లో స్టీలు గిన్నెలన్నీ కలిసి "చిరంజీవ" అన్నట్టు గలగలమనేవి. ఆ మేడకు అద్దాలు బిగిస్తుంటే మా ఇంటి యజమానురాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "గంత అద్దమా? గా లోపట తల దువ్వుకునేటోళ్ళు ఎంతమంది ఉంటరో" అని ఆశ్చర్యపోయేది.

ఆవిణ్ణి వాడలో అందరూ పెద్దమ్మ అనేవారు. మా వైపు పెద్దమ్మ అంటే దరిద్రదేవత. పొద్దున్నే ఎదురొచ్చిన మనిషిని ఆ మాటతో పిలవడానికి నాన్నకు నోరు రాక చాలాకాలం ఉత్త "ఏవండీ"తో నెట్టుకొచ్చాడు. ఆవిడకేమో ఆ "అండీ" నవ్వు తెప్పించేది. బర్రె పాలు, పిడకల పొగ, ఎండబెట్టిన చింతపండు, ఈ మూడు వాసనలూ ఆవిడ కంటే ముందు వచ్చేవి. ఆ చింతపండు ముద్దల్లోంచి నేను గిల్లుకు తినేదాన్ని. ఆవిడ చూసి కూడా కాకుల్ని తిట్టేది. కోకాపేటలో ఉన్న తమ్ముడి మీద మాత్రం ఆవిడకు ఎప్పుడూ జాలి. తండ్రి అతని పాలికి గుట్టలు పడేసి పోయాడట, మేకలు కూడా మొహం తిప్పుకునే గుట్టలు. ఆ గుట్టల మీద లేచిన మేడల్లో ఒకదాని పదమూడో అంతస్తులోనే ఇప్పుడు నా కాపురం.

మా ఇంట్లో అప్పుడు నేనూ నాన్నా ఇద్దరమే. అమ్మ మస్కట్‌లో నర్సు. నేను ఎనిమిదిలో ఉండగా వెళ్ళింది. నన్ను డాక్టర్ని చెయ్యాలని ఆమె పట్టుదల. (ఇప్పుడు నేను వైరస్‌లకు మందు వేసే మాట నిజమే గానీ అది కంప్యూటర్లకు.) ప్రతి శుక్రవారం బస్టాపు దగ్గరి టెలిఫోన్ బూత్‌కి ఫోన్ చేసేది. మేం ముందే వెళ్ళి కూర్చునేవాళ్ళం. లైన్లో మన మాట మనకే తిరిగి వినిపించేది కాబట్టి "బాగున్నావా" అని అడిగి, మనమే "బాగున్నావా" అని విని, బాగున్నాననుకుని పెట్టేసేవాళ్ళం. ఆ ఏడు నాకు పదో తరగతి. పరీక్షలైపోగానే అమ్మకు సెలవు. "నువ్వు రాసెయ్యి, నేను వచ్చేస్తా" అనేది. నా రాతకీ ఆమె రాకకీ అలా ముడిపడింది. అందుకే చదివాను. చదువంటే ఇష్టముండి కాదు.

మా బడి బోరబండలో. హెడ్మాస్టరుగారు కూడా కోస్తావారే. ఆయనే మాకు తెలుగు చెప్పేవారు. పిల్లలం ఆయన్ని వెనకాల వ్యాకరణం సారు అనేవాళ్ళం. ఎవరైనా "పరీచ్చ" అంటే పరీక్ష అనేదాకా వదిలేవారు కాదు. మాట తప్పు పోతే మనిషి తప్పు పోయినంత బాధపడేవారు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమని ఆయనకు తెలుసు. క్రిస్మస్ కేకు ఆయనకు ప్రతి ఏడూ నేనే తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని.

మార్చి వచ్చింది. చదువుకోవడానికి సెలవులిచ్చారు. ఆ సెలవుల ముందే ఒక ఆదివారం బోరబండలో ఒకరింట్లో ప్రార్థన కూటం పెడితే నేనూ నాన్నా వెళ్ళాం. ఆ ఇంటి పసివాడు కూటం అయ్యేదాకా నా ఒళ్ళోంచి నాన్న ఒళ్ళోకి, నాన్న ఒళ్ళోంచి నా ఒళ్ళోకి దేకుతూనే ఉన్నాడు. వాడి బుగ్గ మీద రెండు పొక్కులుంటే దోమ కుట్టిందన్నారు. పులిహోర బాగుందని నేను మారు వడ్డించుకున్నాను.

పరీక్షలు ఇంకో నాలుగు రోజులున్నాయనగా ఇద్దరం ఒకేసారి మంచం ఎక్కాం. పెద్దవాళ్ళకు ఎక్కువగా వస్తుందట. నాన్నకు జ్వరం తలకెక్కి, పక్కన నేనున్నానో లేదో కూడా తెలియలేదు. డాక్టరు గుమ్మంలోనే నిలబడి చూసి, చికెన్‌పాక్స్ అన్నాడు. పేరులో ఉన్న చికెన్ తప్ప ఆ నెలలో మా ఇంట్లో ఇంకో చికెన్ లేదు, ఎందుకంటే ఆయన వెళ్ళగానే పెద్దమ్మ వచ్చి మా వంటిల్లు స్వాధీనం చేసుకుంది. కోడి బందు, పోపు బందు, కారం బందు. గుమ్మానికి వేపకొమ్మ, పక్క మీద వేపాకు, నీళ్ళ బకెట్టులో వేపాకు. పెరుగన్నం మాత్రమే వేపాకు లేకుండా దొరికేది. నాన్నకు కాస్త తెలివొచ్చినప్పుడు చూసి, మేం క్రైస్తవులమండీ, ఇవన్నీ మాకు లేవండీ అని గొణిగాడట.

"అయితేంది?" అంది పెద్దమ్మ. "సిలువ సూసి తల్లి ఎనుకకు మర్లిపోతదా? ఆమెకు అందరిండ్లు ఒక్కటే."

నాన్న దిండు కింద బైబిలు ఉండేది. ఆ బైబిలు కింద ఆవిడ ఒక రెబ్బ వేపాకు పెట్టింది. ఇద్దరిలో ఎవరూ అవతలివాళ్ళది తియ్యలేదు.

జ్వరంలో నేను మొదట మోసపోయింది ఆ రోజే. మగతగా పడుకుని ఉన్నాను. గేటు దగ్గర పెద్దమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. "కిరాయోళ్ళ పిల్లకు తల్లి ఒచ్చింది" అనడం స్పష్టంగా వినిపించింది. నేను లేచాను. గోడ పట్టుకుని ముందుగదిలోకి వచ్చాను. పెట్టె ఎక్కడుందా అని చూశాను, మస్కట్ నుంచి వచ్చేటప్పుడు అమ్మ తెచ్చే నీలం రంగు పెట్టె. తలుపు వెనక కూడా చూశాను. పెద్దమ్మ లోపలికొచ్చి, ఏంది బిడ్డా ఎందుకు లేచినవ్ అని అడిగితే, అమ్మ ఏది అన్నాను.

ఆవిడకు ముందు అర్థం కాలేదు. తర్వాత నన్ను పడుకోబెట్టి, వేపరెబ్బతో విసురుతూ చెప్పింది. "నీ ఒంటి మీదున్నది తల్లే గద. గిట్ల అడుగొద్దు, గుస్సయితది. చుట్టం ఇంటికొస్తే రోగం అంటమా? మంచిగున్నం, చల్లగున్నం అనాలె. పది దినాలుండి ఆమెనే పోతది." మా గోదావరిలో అమ్మవారు పోసింది అంటాం. ఇక్కడ తల్లి వచ్చింది అంటారట. ఆ మాట నేర్చుకోవడానికి నాకు ఒక మంచం, ఒక జ్వరం ఖర్చయ్యాయి. అటు తిరిగి పడుకుని ఏడ్చాను. కన్నీళ్ళు పొక్కుల మీద పడితే మండుతుందని కూడా అప్పుడే తెలిసింది.

హాల్ టికెట్లు ఇచ్చే రోజుకి నేను మంచం మీద ఉన్నాను. ఇలాంటి జబ్బు చేసినవాళ్ళకు వేరే గదిలో కూర్చోబెట్టి పరీక్ష రాయిస్తారని, మా పై తరగతి అమ్మాయికి జరిగినదాన్ని బట్టి నాకు తెలుసు. హెడ్మాస్టరుగారికి కబురు చేరితే చాలు, ఆయన చూసుకుంటారు. చీటీ రాసి పంపుదామనుకున్నాను. మేం ముట్టుకున్నదేదీ గడప దాటకూడదని డాక్టరన్నాడు. పెద్దమ్మా అదే అంది. వాళ్ళిద్దరికీ కుదిరింది ఆ ఒక్క మాటలోనే. నా స్నేహితురాళ్ళందరూ బోరబండలో ఉన్నారు, పుస్తకాల్లో మునిగి. నాన్న అటు తిరిగి ఫ్యాక్టరీ లెక్కలేవో కలవరిస్తున్నాడు.

"చీటీ ఎందుకు, నాకు నోరు లేదా?" అంది పెద్దమ్మ. "ఫికర్ చేయకు. సారుకు నేను పోయి చెప్పొస్తా."

ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. బర్రెల్ని పక్కింటావిడకు అప్పజెప్పింది. ఏం చెప్పాలో నేను పక్క మీంచి పాఠం అప్పజెప్పించుకున్నాను: హాల్ టికెట్ ఇమ్మనాలి, వేరే గది ఇప్పించమనాలి. ఆవిడ రెండుసార్లు సరిగానే చెప్పింది. బస్సు దొరకలేదని ఎండలో బోరబండకు నడిచి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి మొహం ఎర్రగా ఉంది. మంచినీళ్ళు తాగి, గోడకు చేరగిలబడి, "సారు గుస్సయిండు" అంది. గది మాట చెప్పారా అంటే, చెప్పిననే బిడ్డా, ఆయన ఇననే ఇనలేదు అంది. ఏమన్నారంటే, "ఆమె అంత ఎక్కువైతే ఆమెనే కూసోబెట్టుకొని పూజ చేసుకొండ్రి, పరీక్ష మీకెందుకు అన్నడు. చదువుకున్నోడు, తల్లిని గట్ల అనొచ్చునా?" అని చెంపలు వేసుకుంది. హాల్ టికెట్ అడిగితే పిల్లే వచ్చి తీసుకోవాలన్నారట.

నాకు నమ్మబుద్ధి కాలేదు. జ్వరమొచ్చిన పిల్లలకు బడిలోనే మాత్ర వేసి, రిక్షాలో ఇంటికి పంపే మనిషి ఆయన. రాత్రికి మనసు మారుతుందిలే, పొద్దున్నే ప్యూనును పంపిస్తారులే అనుకున్నాను. వీధిలో సైకిలు బెల్లు మోగినప్పుడల్లా తల ఎత్తేదాన్ని. పాలవాడు, పేపరువాడు, మళ్ళీ పాలవాడు. పెద్దమ్మ ఇంకోసారి వెళ్ళింది గానీ బడికి తాళం. సార్లందరినీ పరీక్ష డ్యూటీలకు ఎక్కడెక్కడికో వేశారని పక్క దుకాణం అతను చెప్పాడట.

తెలుగు పరీక్ష రోజున నాకు జ్వరం లేదు. అదే అన్నిటికన్నా కష్టమైంది. జ్వరం ఉంటే కనీసం ఏమీ తెలిసేది కాదు. తెల్లారకుండానే లేచి యూనిఫాం వేసుకున్నాను. గంజి పెట్టిన బట్ట పొక్కుల మీద గీరుకుంటుంటే పళ్ళు బిగించి పెన్నులో సిరా నింపుకున్నాను. సెంటరు మియాపూర్‌లో. హాల్ టికెట్ లేదు, అయినా గేటు దగ్గర నిలబడి అడుగుదామనుకున్నాను. గుమ్మం దాకా వచ్చాను. పెద్దమ్మ కళ్ళాపి చల్లుతోంది. నన్ను చూసి అరవలేదు. చెంబు కింద పెట్టి, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"బస్సుల పసిపిల్లలుంటరు బిడ్డా. కడుపుతోటున్నోళ్ళుంటరు. తల్లిని ఒళ్ళు మీద పెట్టుకొని ఎట్ల ఎక్కుతవు?"

పదేళ్ళ చదువులో ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు. నర్సు కూతుర్ని కాబట్టి ఆవిడన్నది నిజమని నాకు ఆవిడకంటే బాగా తెలుసు. తిరిగి లోపలికి వెళ్ళి యూనిఫాంతోనే పడుకున్నాను. బయట వీధిలో, అట్టలూ పెన్నులూ పట్టుకుని పిల్లలు బస్సు కోసం పరిగెత్తడం వినిపించింది. మధ్యాహ్నం ఈల మోగింది, బండ పేలింది, గిన్నెలు గలగలమన్నాయి. ఆపాటికి పరీక్ష అయిపోయి ఉంటుంది.

మార్చి అంటే నెల పేరు ఒక్కటే కాదు, మన భాషలో అదొక పని కూడా. పక్క గుడ్డలు మార్చి, వేపాకులు మార్చి, క్యాలెండర్లో రోజులు మార్చి ఆ నెల వెళ్ళిపోయింది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్, ఒక్కొక్కటీ మా వీధిలోంచి బస్సెక్కి వెళ్ళాయి. నేను కిటికీలోంచి సాగనంపాను. నాన్న లేచి కూర్చున్న రోజున గోడవైపు చూస్తూ, "ఈ రోజేం పరీక్షమ్మా?" అన్నాడు. అయిపోయాయి నాన్నా అన్నాను. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ పై శుక్రవారం కాళ్ళీడ్చుకుంటూ బూత్‌కి వెళ్ళి అమ్మకు అంతా చెప్పి వచ్చాడు.

ఏప్రిల్లో అమ్మ వచ్చింది. ఈసారి నిజం అమ్మ. నీలం పెట్టె, మెడకు చమట, ఒంటి నిండా పరాయి సబ్బు వాసన. నా చొక్కా భుజాలు దించి, వీపూ చేతులూ డ్యూటీలో చూసినట్టు చూసి, గుండీలు పెట్టింది. మర్నాడు పొద్దున్నే తల దువ్వి, "పద, మీ హెడ్మాస్టరుగారిని చూసొద్దాం" అంది.

ఆయన గదిలో ఏవో కాగితాలు చూసుకుంటున్నారు. మమ్మల్ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"రండమ్మా. మీ రాకపోకల ముందు మా పరీక్షలెంతటివి?" అన్నారు.

అమ్మకు అర్థం కాలేదు. అమ్మాయి పరీక్షల సంగతి మాట్లాడదామని వచ్చానంది.

"అది పోయిన నెల మాట్లాడవలసింది. అప్పుడేమో తమరు ఇంట్లో మర్యాదలు అందుకుంటున్నారాయె."

"పోయిన నెల నేను మస్కట్‌లో ఉన్నానండీ. నిన్న దిగాను."

ఆయన కలం కింద పెట్టారు. మమ్మల్ని కూర్చోమని, నెమ్మదిగా, తెలుగు పాఠం చెప్పినట్టే వరసగా చెప్పారు. మా ఇంటి యజమానురాలు వచ్చి, పిల్ల తల్లి వచ్చింది, పరీక్షకు ఎట్లా అందట. ఎక్కణ్ణించి వచ్చిందని ఈయన అడిగితే, ఎక్కణ్ణించని చెప్తం, ఆమె ఇష్టం, ఒస్తది పోతది అందట. పిల్ల ఎలా ఉందంటే, మంచిగుంది, తల్లి చల్లగ చూస్తున్నది అందట. మరి పంపడానికేం అంటే, గడప దాటితే తల్లికి కోపమందట. కోడి వండకుండా, పోపు వెయ్యకుండా, పెరుగన్నం పెట్టి, పక్కన కూర్చుని విసురుతున్నామందట. పది రోజులుండి పోతుంది, ఒడిబియ్యం పోసి సాగనంపుతాం, అందాకా పిల్లను విడిగా ఒక గదిలో ఉంచాలె అందట.

"మస్కట్ నుంచి వచ్చిన మనిషి కదా, మన ఎండ పడటం లేదేమో, విసురుతున్నారనుకున్నాను" అన్నారు ఆయన. ఆ మాట అంటూనే ఆగిపోయారు.

అమ్మ నా గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. బుగ్గ మీద, నుదుటి మీద మచ్చలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

ఆయన కళ్ళజోడు తీశారు. "పిల్లకు తల్లి వచ్చింది" అని ఒకసారి, "పిల్ల తల్లి వచ్చింది" అని ఒకసారి, లోపల్లోపలే అనుకున్నారు. "ఆవిడ కు అనే అంది. నేను యొక్క అనుకున్నాను. రెండూ షష్ఠీ విభక్తే." ఇంకాస్సేపటికి, "మీరు చర్చికి వెళ్తారు కదమ్మా. మీ ఇంటికి అమ్మవారు వస్తుందని నాకు తట్టలేదు" అన్నారు. అది తప్పు ఒప్పుకున్నట్టూ లేదు, సమర్థించుకున్నట్టూ లేదు. లెక్క తప్పిన పిల్లవాడు పలక చూసుకున్నట్టుంది.

"ఇప్పుడేమైనా చెయ్యొచ్చాండీ?" అంది అమ్మ.

సొరుగు తీసి నా హాల్ టికెట్ బయట పెట్టారు. ఫోటోలో నాకు మచ్చల్లేవు. "వేరే గది ఇప్పించేవాణ్ణి. ప్రతి ఏడూ ఎవరో ఒకరికి ఇప్పిస్తూనే ఉంటాను. ఒక బల్ల, ఒక కిటికీ. అంతకంటే అక్కర్లేదు." అని, ఆ కాగితాన్ని నా వైపు జరిపారు. "ఇక సెప్టెంబరేనమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు."

వచ్చేటప్పుడు అమ్మ ఆయన్ని ఒక్కటే అడిగింది, బడి పరీక్షల్లో మిగిలిన జవాబు కాగితాలేమైనా ఉంటే ఇమ్మని. ఎందుకని ఆయన అడగలేదు. ఒక కట్ట తీసి, దారపు ఉండతో సహా ఇచ్చారు.

తిరిగొచ్చే దారిలో మా ఊరి మొదట్లో, పేల్చడానికి గుర్తు పెట్టిన బండ మీద కూర్చుంది అమ్మ. మేం మంచాన పడ్డాక రెండో శుక్రవారం తను ఫోన్ చేసినప్పుడు బూత్ అతను ఏమన్నాడో అప్పుడు చెప్పింది. వాళ్ళు రాలేరమ్మా, పిల్లకు తల్లి వచ్చిందంట అని పెట్టేశాడట.

"నేనేమనుకున్నానో తెలుసా? మీ నాన్న ఎవరినో తెచ్చుకున్నాడనుకున్నా." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "వారం రోజులు అదే అనుకున్నా. కోపం కూడా సరిగ్గా రాలేదు. పరీక్షల రోజుల్లో పిల్లకు ఎవరో ఒకరు వండి పెడుతున్నారు కదా అనుకున్నా."

ముందు ఆమే నవ్వింది. నేనూ నవ్వాను. గుమ్మానికి అడ్డం కూర్చున్న పెద్దమ్మను నాన్న పక్కన ఊహించుకుని ఇద్దరం వంగిపోయి నవ్వాం. తర్వాత అమ్మ కొంగుతో మొహమంతా తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చాక పెద్దమ్మకు జరిగింది చెప్తే ఆవిడ మొదట తల అడ్డంగా ఊపింది. "తల్లి ఒస్తే తల్లి ఒచ్చిందనక ఏమంటరు బిడ్డా? ఇంకో మాట నాకు తెల్వదు" అంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరు సరిగ్గానే చెప్పారండీ. వచ్చిన తల్లి మీరు చెప్పిన తల్లే. రావలసిన తల్లే రాలేదు" అంది. పెద్దమ్మ ఆ రోజు బర్రెలకు నీళ్ళు పెట్టడం కూడా మర్చిపోయింది.

పేపర్లో ఫలితాలొచ్చాయి. వరసగా నంబర్లు, నా నంబరుకు ముందుదీ ఉంది, తర్వాతదీ ఉంది. స్నేహితురాళ్ళు ఇంటర్‌లో చేరిపోయారు, నాకంటే ఒక ఏడాది పెద్దవాళ్ళైపోయారు. ఇప్పటికీ పెద్దవాళ్ళే. సెప్టెంబరులో నేను గడ్డాలు వచ్చిన అబ్బాయిల మధ్య కూర్చుని రాశాను, పాసయ్యాను. ఆ హాలు ఏ రంగో, పక్కన ఎవరు కూర్చున్నారో, ఏం రాశానో ఒక్క ముక్క గుర్తు లేదు. ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూస్తే నాకు కనిపించే పరీక్షలు వేరు. అవి మా కిరాయింటి వరండాలో జరిగాయి.

హెడ్మాస్టరుగారి దగ్గర్నుంచి వచ్చిన మర్నాడే అమ్మ బోరబండ వెళ్ళి, నా స్నేహితురాలి దగ్గర ప్రశ్నపత్రాలన్నీ అడిగి తెచ్చింది. వాటిని నన్ను చూడనివ్వలేదు. పరీక్షల టైంటేబుల్ ఎలా ఉందో అలాగే తనూ ఒకటి వేసింది, మధ్యలో ఆదివారాలు వదిలి, సెలవు చివరిదాకా సర్ది. వరండాలో ఒక బల్ల. పొద్దున్న తొమ్మిదిన్నరకు హాల్ టికెట్ చూసి కూర్చోనిచ్చేది. డ్యూటీకి వేసుకునే తెల్ల బూట్లు వేసుకుని అటూ ఇటూ తిరిగేది. ఒక్క సైన్సు తప్ప మిగతావి దిద్దడం ఆమెకు రాదు. నేనడిగితే, "దిద్దడం నా పని కాదు, రాయించడం నా పని" అంది. పెద్దమ్మ గేటు దగ్గర కట్టె పట్టుకుని కూర్చునేది. కూరగాయల బండివాణ్ణి, కోళ్ళను, ఒకసారి నాన్ననూ కూడా, "లోపట పరీచ్చ నడుస్తున్నది, జర ఆగు" అని ఆపేసింది. మూడు గంటల గడువు అయిపోగానే అమ్మ కాగితాలు తీసుకుని, దారంతో కట్టి, నీలం పెట్టెలో అడుగున పెట్టేది. వాటితోనే మళ్ళీ మస్కట్ వెళ్ళింది. అక్కడ వాటినేం చేసిందో ఆమె చెప్పలేదు, నేనడగలేదు.

చివరి పేపరు సోషల్. మర్నాడే ఆమె విమానం. ఆ రోజు ఎండ బాగా ఉంది. లోపల నాన్న పెట్టెకు తాడు బిగిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు రాయవలసినవన్నీ ఎప్పుడో అయిపోయాయి. పటం కూడా గుర్తించేశాను. చెయ్యి ఎత్తి, "అడిషనల్ షీట్ కావాలి మేడం" అన్నాను. తెచ్చి ఇచ్చింది. దాని మీద అడగని నదుల పేర్లన్నీ రాశాను, అవి ఏ కొండలో పుడతాయో, ఏ సముద్రంలో కలుస్తాయో. అదీ నిండింది. మళ్ళీ చెయ్యెత్తాను.

గడియారం ఆమె వెనక గోడకే ఉంది. మూడు గంటల గడువు దాటిపోయి చాలాసేపైందని నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఇంకో తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టి, ఎగిరిపోకుండా మూలన వేలు ఉంచి, "నిదానంగా రాయి" అంది.